డొంకదారి విశేషాలు: జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో నడిచేవారికి

కృష్ణా జిల్లా అనగానే పైవాళ్ళ కళ్ళముందు మెదిలేది పచ్చటి వరిచేలు, కాలువ గట్లు, కొబ్బరిచెట్లు. అది గుడివాడ, బందరు, దివిసీమ వైపు సంగతి. జగ్గయ్యపేట, నందిగామ ఆ బొమ్మలో ఉండవు. మాది మెట్ట. నల్లరేగడి, పత్తి, మిరప, కంది, తాటిచెట్లు, మధ్యమధ్య బోడిగుట్టలు, వాటి కింద సున్నపురాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం గానీ పెద్దవాళ్ళను అడిగితే ఇప్పటికీ ‘మాది కృష్ణా జిల్లానే’ అంటారు. హైవే మీద కారాపి, అలా పొలాల్లోకి నడిచొద్దామని దిగేవాళ్ళు అప్పుడప్పుడూ కనబడుతుంటారు. వాళ్ళకు అక్కరకొస్తాయని ఈ నాలుగు ముచ్చట్లు. ఇక్కడ ఎటు వెళ్ళాలన్నది పెద్ద ప్రశ్న కాదు. ఎప్పుడు వెళ్ళాలి, ఎవరిని అడిగి వెళ్ళాలి అన్నవే అసలు ప్రశ్నలు.

రేగడి ఒప్పుకోవాలి

వాన వెలిసిన గంటకు రేగడి చేలోకి దిగి చూడండి. మొదటి అడుగుకు చెప్పు కింద పల్చటి పొర అంటుకుంటుంది. మూడో అడుగుకు ఆ పొర మీద ఇంకో పొర, అందులో రెండు గరికపోచలు, ఒక ఎండు పత్తిపుల్ల. పదో అడుగుకు కాలు లేపడానికి నడుం సాయం కావాలి. ఇంకో పదడుగులు పోతే చెప్పు నేలలోనే ఉండిపోతుంది, కాలు మాత్రం పైకొస్తుంది. వేలు పోసి కొన్న ట్రెక్కింగ్ బూట్లకూ ఇదే గతి. అడుగున గాళ్ళు ఎంత లోతుగా ఉంటే అంత మట్టి పడుతుంది. మావాళ్ళు చెప్పులు విప్పి చేత పట్టుకుని ఒట్టికాళ్ళతో నడుస్తారు, గట్టెక్కాక పుల్లతో మట్టి గీక్కుంటారు. అంతకు మించిన ఉపాయం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

ఈ నేలలో బంకమన్ను పాలు ఎక్కువ. స్మెక్టైట్ జాతి బంకమన్ను అది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో దున్నకుండా వదిలేసిన చేలు నెర్రెలు విచ్చుకుంటాయి. ఒక్కో నెర్రె మడమ ఇరుక్కునేంత వెడల్పు ఉంటుంది. వానాకాలంలో చెప్పు పోతే పోయింది, వేసవిలో చీలమండ బెణికితే మోసుకెళ్ళాల్సిన పనవుతుంది. నెర్రెల్లో ఎలకలుంటాయి, ఎలకల కోసం వచ్చేవీ ఉంటాయి. కాబట్టి వేసవిలో చేలోకి అడ్డం పడకండి. వానాకాలంలో రెండు రోజులు వరుసగా ఎండ కాసేదాకా ఆగండి. దీపావళి వెళ్ళినప్పటి నుంచి శివరాత్రి దాకా ఏ అనుమానమూ లేకుండా రావచ్చు.

ఆగలేనంటే జగ్గయ్యపేట వైపు రాతినేలలున్నాయి, అక్కడ నీళ్ళు తొందరగా జారిపోతాయి. కాకపోతే ఆ రాయి కోసమే సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. జయంతిపురం, ముక్త్యాల రోడ్ల మీద సిమెంటు లారీలదే రాజ్యం. వాటికి ఎదురుగా, రోడ్డుకు కుడిపక్కన నడవండి. వెనక నుంచి వచ్చే లారీ మీకు కనబడదు, డ్రైవరుకు దుమ్ములో మీరూ కనబడరు.

గట్టు వేరు, డొంక వేరు

పొలాల మధ్య బండ్లు పోయే బాటను మేం డొంక అంటాం. గ్రామపటంలో డొంక పక్క పొలాల్లో కలిసిపోదు, దానికి విడిగా సర్వే నంబరు ఉంటుంది. అది పోరంబోకు, ప్రభుత్వ భూమి. దాని మీద నడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గట్టు సంగతి అలా కాదు. రెండు చేల మధ్య ఉన్నా అది ఆ రైతులది. గట్టు మీద కంది వేసుకుంటారు, పశువులకు గడ్డి వదులుకుంటారు, నీళ్ళు కట్టేటప్పుడు మట్టి వేసి సరిచేసుకుంటారు. కొత్త మట్టి వేసిన తడిగట్టు మీద మీ కాలు దిగబడితే ఆ సందులోంచి రాత్రికి మడి ఖాళీ అవుతుంది. గట్టు ఎక్కేముందు చేలో మనిషి ఉంటే ఒక కేక వేసి అడగండి. వద్దనేవాళ్ళు చాలా అరుదు. అడక్కుండా వెళ్తే మాత్రం మాట పడాల్సిందే.

పటంలో ఇరవై, ముప్పై అడుగులున్న డొంక నేల మీద ఒక ట్రాక్టరు పట్టేంతే మిగిలి ఉండటం మీరు చూస్తారు. రెండు పక్కల రైతులూ ఏటా ఒక నాగలిచాలు చొప్పున లోపలికి దున్నుకుంటూ వచ్చిన ఫలితం. ఆ తగాదాలో మీరు తలదూర్చకండి. ఫోను తీసి కొలతలు వేస్తున్నట్టు కనిపించకండి అసలు.

‘ఎవరి తాలూకండీ?’

పొలంలో కొత్త మొహం కనబడితే మొదటి ప్రశ్న ‘ఏ ఊరండీ?’ రెండోది ‘ఎవరి తాలూకు?’ ‘ఊరికే నడవడానికి వచ్చాం’ అన్న జవాబు ఇక్కడ చెల్లదు. పని లేకుండా ఎండలో నడిచేవాడెవడు? 2014లో రాష్ట్రం విడిపోయి, కృష్ణకు అవతల అమరావతి రాజధాని అన్నాక కంచికచర్ల, నందిగామ వైపు పొలాల ధరలకు రెక్కలొచ్చాయి. అప్పటి నుంచీ తెల్లచొక్కాతో పొలంలో నిలబడి నాలుగువైపులా చూసే మనిషి బ్రోకరన్నా కావాలి, సర్వేయరన్నా కావాలి. ‘ఎకరం ఎంత చెబుతున్నారు?’ అని మిమ్మల్నే అడుగుతారు. దీనికి తేలిక మార్గం ఒకటుంది. ఎక్కడికో వెళ్తున్నట్టు చెప్పండి. ‘వేదాద్రి గుడికి పోతున్నామండీ’, ‘ధనంబోడు స్తూపం చూడ్డానికి’ అంటే చాలు, అనుమానం పోయి దారి చెప్పడం మొదలుపెడతారు. దారితో పాటు ఒక మనిషిని కూడా తోడిచ్చి పంపినా ఆశ్చర్యం లేదు.

పిలుపు కూడా పట్టించుకోండి. పెద్దవాళ్ళయితే ‘బాబాయ్’, ‘పెద్దాయనా’. కలుపు తీసే ఆడవాళ్ళయితే ‘అమ్మా’, ‘పిన్నీ’. ‘హలో’ అని పిలిస్తే ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నారనుకుని తల ఎత్తరు. దూరం అడిగితే మాత్రం నమ్మకండి. ‘ఇదిగో ఈ మలుపు తిరిగితే’ అన్నది అరగంట నడక కావచ్చు.

ఇక్కడ ఎండ, మున్నేట్లో వరద

నందిగామ మీద మబ్బు కూడా లేని రోజున మున్నేరు రోడ్డెక్కిన సందర్భాలున్నాయి. మున్నేరు వరంగల్ వైపు పాకాల ప్రాంతం నుంచి మొదలై, ఖమ్మం పట్నం పక్కగా వచ్చి, పెనుగంచిప్రోలు, నందిగామ దాటి కృష్ణలో కలుస్తుంది. వైరా ఏరు కూడా ఖమ్మం జిల్లా నీళ్ళు మోసుకొచ్చి దీంట్లోనే పోస్తుంది. అంటే పైన రెండు జిల్లాల్లో పడ్డ వాన లెక్క మాకు కొన్ని గంటల తరవాతో, మర్నాడో తెలుస్తుందన్నమాట. 2023 జులై చివర్లో ఐతవరం దగ్గర ఏటి నీళ్ళు జాతీయ రహదారి మీదికొచ్చి హైదరాబాదు, విజయవాడల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు 1న మళ్ళీ అదే జరిగింది. ఆ దెబ్బకు గరికపాడు దగ్గర పాలేటి వంతెన వద్ద రోడ్డు కూడా కోసుకుపోయింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్ళు వదిలారు, ఆ బ్యారేజీ చరిత్రలో అంతకు ముందెన్నడూ అంత లేదు.

కాబట్టి జూన్ నుంచి అక్టోబరు దాకా ఇటొచ్చేవాళ్ళు మా ఊరి వాతావరణం కాదు, ఖమ్మం వార్తలు చూసి బయల్దేరాలి. వాగుల మీద మాకు చప్టాలే ఎక్కువ. వంతెన కాదు, వాగు అడుగునే సిమెంటు పరిచి వేసిన బాట. దాని మీద నీళ్ళు పారుతుంటే అవతలి గట్టు నుంచి మోటారు సైకిలు మీద ఎవరో దాటుతున్నా మీరు దాటకండి. అతనికి చప్టా అంచు ఎక్కడుందో తెలుసు, మీకు తెలియదు. పారే నీళ్ళు మోకాలు దాటితే మనిషిని నిలబడనివ్వవు.

ఎండాకాలం ఏరు ఇంకో రకం మాయ. పల్చగా, పాదాలు మునిగేంత నీళ్ళు, కింద తెల్లటి ఇసుక. కానీ ఇసుక తవ్విన చోట నిలువెత్తు గుంతలుంటాయి, నీళ్ళ పైనుంచి తేడా కనబడదు. 2022 జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో, చందర్లపాడు మండలం ఏటూరు దగ్గర మున్నేట్లో ఐదుగురు బడిపిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఊరి పిల్లలే, ఆ ఏరు పుట్టినప్పటి నుంచీ ఎరిగినవాళ్ళే. ఈత వచ్చా రాదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఊరివాళ్ళు స్నానం చేసే రేవు తప్ప ఇంకెక్కడా దిగొద్దు.

కృష్ణ ఒడ్డున గేట్ల సంగతి

జగ్గయ్యపేట నుంచి దక్షిణంగా ఓ పది కిలోమీటర్లు పోతే వేదాద్రి. కృష్ణ ఒడ్డున యోగానంద లక్ష్మీనరసింహస్వామి. జ్వాల, సాలగ్రామ, వీర, యోగానంద, లక్ష్మీ నరసింహులుగా స్వామి ఐదు రూపాల్లో ఉన్నాడని పంచనారసింహ క్షేత్రమంటారు. దానికి ఎగువన ముక్త్యాల, అక్కడ కృష్ణ ఉత్తరంగా పారుతుంది కాబట్టి స్నానానికి పుణ్యం ఎక్కువని నమ్మకం. ముక్త్యాల కోటలోని రాజా వాసిరెడ్డి రామగోపాల కృష్ణ మహేశ్వర ప్రసాద్ నాగార్జునసాగర్ కోసం పట్టుబట్టి తిరిగినవాడు. 1952లో ఖోస్లా కమిటీ ఆనకట్ట కట్టే నందికొండ స్థలం చూడాలంటే, దారి లేదన్న సాకు మిగలకుండా చుట్టుపక్కల జనాన్ని పోగేసి అడవిలో జీపుబాట వేయించాడని చెప్పుకుంటారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్‌కు శంకుస్థాపన చేశాడు, 1967లో కాలువలకు నీళ్ళొచ్చాయి. ఈ మెట్టలో మీకు హఠాత్తుగా వరి కనబడితే అది సాగర్ ఎడమ కాలువ చలవే. ఆ కాలువ కట్ట నడకకు బ్రహ్మాండంగా ఉంటుంది, చెట్ల నీడ కూడా దొరికే చోట్లున్నాయి. లోపలికి మాత్రం దిగకండి. లైనింగు వేసిన ఏటవాలు గోడ నాచుపట్టి ఉంటుంది, జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

నది ఒడ్డున ఇంకో జాగ్రత్త. ముక్త్యాలకు ఎగువన పులిచింతల ప్రాజెక్టు ఉంది. 45.77 టీఎంసీల జలాశయం, కానూరి లక్ష్మణరావు పేరు పెట్టారు. వరద వస్తే గేట్లెత్తుతారు, ముందుగా హెచ్చరిక చేస్తారు. కానీ తెలంగాణ ఒడ్డున 120 మెగావాట్ల కరెంటు కేంద్రం కూడా ఉంది. కరెంటు తీసేటప్పుడు గేట్లు ఎత్తకుండానే కింద నీళ్ళు పెరుగుతాయి. ఉదయం నడిచి వెళ్ళిన ఇసుకమేట సాయంత్రానికి లంక అయిపోవచ్చు. పడవవాళ్ళనో చేపలవాళ్ళనో అడిగి, వాళ్ళు వెళ్ళమన్నంత దూరమే వెళ్ళండి.

నాణేలు కురిసిన బోడు

జగ్గయ్యపేటకు పాతపేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు పేట కట్టించి తన తండ్రి జగ్గన్న పేరు పెట్టాడు. తరవాత అమరావతి పట్నం కట్టించింది కూడా ఆయనే. ఊరికి దగ్గర్లో ధనంబోడు అనే దిబ్బ ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించి చూస్తే అది బౌద్ధస్తూపం. ఊళ్ళోవాళ్ళు అప్పటికే ఇటుకలూ పలకలూ చాలావరకు పట్టుకుపోయారు. మిగిలిన సున్నపురాతి పలకల్లో ఒకటి ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. దాని మీద చక్రవర్తి నిలబడి చెయ్యి పైకెత్తి ఉంటాడు, మబ్బుల్లోంచి నాణేలు వానగా కురుస్తుంటాయి. గుండ్రటివి కావు, చదరపు నాణేలు. అప్పటి ముద్రనాణేలు ఆ ఆకారంలోనే ఉండేవి కాబట్టి శిల్పి వాటినే చెక్కాడు. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, ఇంకా పరివారం. బౌద్ధ కథల్లోని మాంధాత అని పండితులంటారు. క్రీస్తుకు కొంచెం ముందరి పని అది.

అక్కడే దొరికిన శాసనాలు అంతకు సుమారు మూడు వందల ఏళ్ళ తరవాతివి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి, తల్లినీ ఇంటిల్లిపాదినీ కలుపుకుని, స్తూపం తూర్పు వాకిట ఐదు ఆయకస్తంభాలు నిలబెట్టాడట. ఆ కాలంలో దానం చేసి పేరు రాయించుకునేది రాజులు, వర్తకులే అనుకుంటాం. ఇతను చేతిపని మనిషి. పలకలన్నీ మ్యూజియాల పాలయ్యాక బోడు దగ్గర ఇప్పుడు కనబడేది ఇటుక కట్టడం, రాతి ముక్కలు. ఇంతేనా అనుకునేవాళ్ళు చెన్నై వెళ్ళే పని పడినప్పుడు ఆ పలక చూసి రండి.

ఇక్కడో చట్టం తెలుసుకోవాలి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి పది రూపాయలకు మించిన విలువ చేసేది ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలి. ఆనాటి పది రూపాయలే చట్టంలో ఇంకా ఉన్నాయి. పాత నాణెమో బొమ్మ ముక్కో కాలికి తగిలితే జేబులో వేసుకోకండి.

గుడిమెట్లలో వంగి నడిచేవాళ్ళు

తొలకరి పడగానే చందర్లపాడు మండలం గుడిమెట్లలో ఒక వింత చూడవచ్చు. కొండవాలులో మగా ఆడా, పిల్లాజెల్లా, నేలకేసి చూస్తూ అంగుళం అంగుళం కదులుతుంటారు. అన్నం మూటలు తెచ్చుకుంటారు, గుంటూరు, పల్నాడు నుంచి కూడా వస్తారు. వెతికేది వజ్రాల కోసం. వాన మట్టిని కడిగేస్తే గులకరాళ్ళు బయటపడతాయి, ఎండ పడితే మెరిసేది మెరుస్తుంది. వేలాది ఏళ్ళుగా కృష్ణ ఎగువ నుంచి కొట్టుకొచ్చి పేర్చిన గులకరాళ్ళ పొరల్లో వజ్రాలు దొరికే చరిత్ర ఈ రెండు ఒడ్లకీ ఉంది. కోహినూరు పుట్టిన చోటని చెప్పే కొల్లూరు అవతలి ఒడ్డుదే. 17వ శతాబ్దంలో అక్కడికెళ్ళిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే గనుల్లో అరవైవేల మంది పనిచేస్తున్నారని రాశాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది.

గుడిమెట్లకు ఇంకో గొప్ప కూడా ఉంది, వజ్రాల గోలలో దాన్నెవరూ అడగరు. 12, 13 శతాబ్దాల్లో చాగి వంశపు సామంతరాజులు ఇక్కడి నుంచే ఏలారు. వాళ్ళ కోట చూడాలని వెళ్ళేవాళ్ళు వానాకాలం పోయాకే వెళ్ళండి. వానల రోజుల్లో వంగి చెప్పులేసుకున్నా సరే, పక్కవాళ్ళు వచ్చి ఏం దొరికిందని చూస్తారు.

రెండు రాజ్యాల మధ్య రోడ్డు

1940లో మీరు నందిగామ నుంచి బెజవాడకు నడిచారనుకోండి. బ్రిటిషు రాజ్యంలో బయల్దేరి, పరిటాల దగ్గర నైజాం రాజ్యంలో అడుగుపెట్టి, కాసేపటికి మళ్ళీ బ్రిటిషు రాజ్యంలో తేలేవారు. కోస్తా జిల్లాలను ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చేసినప్పుడు నిజాము వజ్రాల గనులున్నాయని పరిటాలనూ చుట్టుపక్కల కొన్ని ఊళ్ళనూ తనకే ఉంచుకున్నాడు. 1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చి, నిజాము చేరనని భీష్మించినప్పుడు ఈ ఊళ్ళవాళ్ళు ఊరుకోలేదు. తమ ఏడు ఊళ్ళూ స్వతంత్రమని ప్రకటించుకున్నారు. పరిటాల రిపబ్లిక్ అని ఈ మెట్టలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

దీనికి సరిగ్గా తిరగేసిన వింత మునగాల పరగణా. చుట్టూ నైజాము, మధ్యలో బ్రిటిషు భూమి. పరిపాలన నందిగామ తాలూకా నుంచి. అక్కడి రైతు భూమి పని మీద కచేరీకి రావాలంటే పరాయి రాజ్యం దాటి రావాలి. దాటితే నాణెం కూడా మారేది, అటు హాలిసిక్కా, ఇటు బ్రిటిషు రూపాయి. 1948 సెప్టెంబరులో నైజాం మీద పోలీసు చర్య నాడు విజయవాడ వైపు నుంచి సైన్యం కోదాడ మీదికి కదిలింది ఈ దారిలోనే. మునగాల ఇప్పుడు తెలంగాణలో ఉంది.

పరిటాలలో 2003లో నిలబెట్టిన 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం హైవే మీద పోయేవాళ్ళందరికీ తెలుసు. నడిచేవాళ్ళకు దాని ఉపయోగం వేరు. పొలాల్లో దిక్కు తప్పితే తల ఎత్తి హనుమంతుణ్ణి వెతుక్కోండి, రోడ్డు అటుంది.

రంగులు వేయించుకునే అమ్మవారు

పెనుగంచిప్రోలులో మున్నేటి ఒడ్డున తిరుపతమ్మ తల్లి గుడి ఉంది. గోపయ్య, తిరుపతమ్మల కథ వినని ఇల్లు ఈ చుట్టుపక్కల ఉండదు. పులివాత పడ్డ భర్త, అతనితో పాటు అగ్నిలో కలిసిన భార్య. మాఘ పౌర్ణమికి పెద్ద తిరనాళ్ళు. ఖమ్మం, గుంటూరు వైపుల నుంచి కూడా నడిచి వచ్చేవాళ్ళు, ట్రాక్టర్ల మీద, ఎడ్లబళ్ళ మీద వచ్చేవాళ్ళు. రెండేళ్ళకోసారి విగ్రహాలను ఊరేగింపుగా జగ్గయ్యపేట తీసుకెళ్ళి రంగులు వేయించి తెస్తారు. దారి పొడుగునా ఊరూరా ఎదుర్కోళ్ళు, నీళ్ళబిందెలు, డప్పులు. ఆ రోజుల్లో ఆ దారిన పడితే మీ నడక వేగం మీ చేతిలో ఉండదు. జనంతో కలిసి పోవాల్సిందే. పోండి, ఏ ఇంటి ముందైనా మజ్జిగ దొరుకుతుంది.

తిరనాళ్ళకొచ్చిన వాళ్ళలో ఎక్కువమందికి తెలియని సంగతి ఒకటుంది. కొమర్రాజు లక్ష్మణరావు 1877లో పుట్టింది ఈ ఊళ్ళోనే. మునగాల రాజా దగ్గర దివానుగా ఉంటూ 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం పెట్టించినవాళ్ళలో ఆయనొకరు. 1906లో విజ్ఞానచంద్రికా మండలి కూడా ఆయన పూనికే. ఆయన అక్క భండారు అచ్చమాంబ మన తొలి కథారచయితల్లో ఒకరు.

కళ్ళం, డ్రమ్ము

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మా మెట్ట ఎర్రబడుతుంది. కోసిన మిరపకాయలు పట్టాల మీద ఆరబోస్తారు, ఆడవాళ్ళు వరసగా కూచుని తాలుకాయలు ఏరుతుంటారు. మిర్చి కళ్ళంలోకి చెప్పులతో అడుగు పెట్టకండి. లక్ష్మి అన్న భావన ఒకటి, కాయ విరిగితే గింజ రాలి రేటు పడిపోవడం రెండోది. ఫోటో తీస్తామంటే సంతోషంగా ఒప్పుకుంటారు. ఘాటుకు దగ్గు మీకు ఎలాగూ వస్తుంది, ఆ చేత్తో కళ్ళు మాత్రం నలుపుకోకండి.

పొలం మూలన నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో నిండుగా నీళ్ళు కనబడితే ఎంత దాహమేసినా ముట్టుకోకండి. అది పురుగుమందు కలుపుకునే డ్రమ్ము. పక్కన మందు కొట్టే తైవాన్ పంపు, ఖాళీ డబ్బా కనబడితే గాలి వచ్చే వైపు నుంచి త్వరగా దాటిపోండి. పత్తికీ మిరపకూ మా దగ్గర కొట్టే మందులు తక్కువ కావు. ఇది మా మెట్ట గురించి గొప్పగా చెప్పుకునే విషయమేమీ కాదు.

పాము, తీగ, కుక్క

నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ ఇక్కడుంటాయి. చీకట్లో తిరిగేది కట్లపాము, కదలకుండా ఆకుల్లో పడుకునేది పింజర. చేతికర్ర, టార్చిలైటు ఉంటే సగం భయం లేదు. కాటు పడితే కోసి రక్తం తీయడం, తాడుతో బిగించి కట్టడం, మంత్రం అని తిరగడం వద్దు. కాలు కదపకుండా ఉంచి 108కి ఫోను చేయండి. నందిగామలోనూ జగ్గయ్యపేటలోనూ ప్రభుత్వాసుపత్రులున్నాయి.

పాము కంటే నేను ఎక్కువ భయపడేది కరెంటు తీగకు. అడవిపందుల బెడద పడలేక కొందరు రాత్రిళ్ళు చేను చుట్టూ దొంగతీగ లాగుతారు. నేరమే, ప్రాణాలు పోయాయి కూడా, అయినా మానరు. పొద్దు వాలాక, పూర్తిగా తెల్లవారక ముందు, గుట్టలకు ఆనుకున్న చేలల్లోకి పోవద్దు.

గొర్రెలమంద ఎదురైతే మధ్యలోంచి చీల్చుకుపోకండి. మంద అంచునే కుక్కలుంటాయి. కాపరి పేరు తెలియకపోయినా ‘ఓ బాబాయ్’ అని పిలవండి, అతను అదిలిస్తే గానీ అవి తగ్గవు.

నందిగామ ఎండ

నందిగామలో వాతావరణశాఖ కేంద్రం ఉంది. వేసవిలో రాష్ట్రంలో మండిపోయే ఊళ్ళ జాబితాలో మా పేరు రావడం అందుకే. నదికి అవతల రెంటచింతలది ఇంకా పెద్ద పేరనుకోండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత ఇక్కడివాళ్ళే కట్టి ఉంటారని నా అనుమానం. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం తొమ్మిదిలోపు నడక ముగించాలి. సుబాబుల్ తోటలు దూరం నుంచి చల్లగా కనబడి ఆశ పెడతాయి, కానీ ఆ సన్నటి ఆకు నీడ నీడే కాదు. అవి కాగితం మిల్లులకు టన్నుల లెక్కన అమ్మే చెట్లు, మనకు గొడుగు పట్టడానికి పెంచినవి కావు. వేపచెట్టు వెతుక్కోండి.

పాలేరు దాటితే పక్షి మారుతుంది

పెసరచేల మీద కరెంటు తీగెలపై నీలిరెక్కల పాలపిట్ట కూచుని ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రానికి అదే రాష్ట్రపక్షి. 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను ఎంచుకుంది, తెలంగాణ పాలపిట్టనే ఉంచుకుంది. గరికపాడు దగ్గర పాలేరు దాటి అటు వాలితే అది రాష్ట్రపక్షి, ఇటు వాలితే మామూలు పిట్ట. దసరా నాడు దాన్ని చూడటం శుభమని మాత్రం రెండు ఒడ్లవాళ్ళూ పొలాలకు పరిగెత్తుతారు.

తిండి, బస్సు

పల్లెల్లో హోటళ్ళు వెతక్కండి, టీకొట్టే దిక్కు. కాలాన్ని బట్టి దొరికేవి వేరే ఉన్నాయి. జనవరిలో రేగుపళ్ళు, తేగలు, మార్చిలో సీమచింతకాయలు, ఏప్రిల్ చివర నుంచి ముంజలు. చెట్టు కింద గీతకార్మికుణ్ణి అడిగితే అప్పటికప్పుడు చెక్కి ఇస్తాడు, వేలితో తోడుకుని తినడమే. డబ్బులివ్వండి, వద్దన్నా ఇవ్వండి.

తిరుగు ప్రయాణానికి చెయ్యెత్తితే ఆగేది పల్లెవెలుగు బస్సే. హైవే మీద ఎక్స్‌ప్రెస్‌లు మీ ముఖం చూసి ఆగవు. లోపలి ఊళ్ళకు బస్సులు తక్కువ, షేరాటోలు చీకటి పడేసరికి పల్చబడతాయి. ఊళ్ళోకి వెళ్ళేటప్పుడే టీకొట్టు దగ్గర చివరి ఆటో ఎన్నింటికో అడిగి పెట్టుకోండి. ‘ఎనిమిదింటి దాకా ఉంటాయండీ’ అంటే ఆరున్నరకల్లా సెంటరులో నిలబడి ఉండండి.